రేవు తప్పిన మాను

ఆ రోజుల్లో ఎవరైనా "మీదే ఊరమ్మా" అని అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకునేవాళ్ళం కాదు, ఊరి తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలు ఫోనులో మ్యాపు తీసి, వేలితో పెద్దది చేసి చూపించి పని ముగించేస్తారు. మాకు ఆ సౌకర్యం లేదు. నోరే మ్యాపు. ఆ నోరు నాకు దేవుడు కొంచెం ధారాళంగానే ఇచ్చాడు (మా ఆయన్ని అడిగితే ఈ "కొంచెం" అనే మాట కొట్టేయమంటాడు). కాబట్టి తిరుపతిలో కాలేజీ హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మా ఊరి గౌరవం నా నాలుక మీదే నిలబడి ఉందని నేను గట్టిగా నమ్మాను.

మా ఊరు శ్రీకాళహస్తి దాటి స్వర్ణముఖి వెంట దిగువకు పోతే వస్తుంది. మిగతా ఊళ్ళు రాతి మీదో మట్టి మీదో నిలబడి ఉంటే మాది మాను మీద నిలబడింది. ఊరి నడిమధ్య దూలాల వీధి. దానికి రెండు వైపులా కట్టె అడితీలు, వెనక కోతమిల్లులు. మిల్లు రంపం చప్పుడు ఆగితే తొట్టిల్లోని పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. రంపప్పొట్టు లేని వస్తువు మా ఇళ్ళలో ఉండేది కాదు, పెరుగులో కూడా తేలేది. బంధువులు దాన్ని మిరియాలపొడి అనుకుని తినేసి బాగుందనేవాళ్ళు, మేం సరిదిద్దేవాళ్ళం కాదు. మా ఊరివాళ్ళకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరింటికి పోయినా లోపలికి అడుగు పెట్టే ముందు వేళ్ళ కణుపులతో వాకిలి తలుపు తట్టి చెవి పెడతారు. పెళ్ళిచూపులకు పోయినా అంతే, పిల్లను తర్వాత చూస్తారు. మా మేనత్తకు వచ్చిన ఒక మంచి సంబంధాన్ని మా నాయన ఇట్లాగే పిల్లోడి ఇంటి వాకిలి తట్టి, అక్కడినుంచే వద్దనేసి వచ్చాడు. "టేకని చెప్పి మద్ది పెట్టుకున్నారు. రేపు పిల్లోడి చదువు గురించి ఏం చెప్తారో" అన్నాడు.

ఇంత గొప్ప ఊరికి ఒక్కటే లోపం. ఏటి ఒడ్డు ఊరు అంటాం గానీ ఏట్లో నీళ్ళుండవు. ఏడాదిలో ముప్పాతిక భాగం అది ఏరు అని పేరు పెట్టుకున్న ఇసుక. పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. కార్తీకంలో వాయుగుండం పడితే మాత్రం ఎక్కడెక్కడి కోపమంతా తెచ్చుకుని ఒక్కసారి పారుతుంది. మా అవ్వ చెప్పేదేమిటంటే, పూర్వం ఎగువ కొండల్లో కొట్టిన మానులు ఆ నీళ్ళ మీదే తేలుతూ మా రేవుకు వచ్చేవని, వాటిని తాళ్ళు వేసి పట్టుకోవడంతోనే మా ఊరు పుట్టిందని. నేను ఆ మాట పట్టుకుని కాలేజీకి పోయాను. అదీ కథకు మొదలు.

మా చరిత్ర మేడమ్ ఆ ఏడు ఒక ప్రదర్శన పెట్టింది. ఎవరి ఊరి చరిత్ర వాళ్ళు అట్ట మీద రాసి బొమ్మలు వేసి తేవాలి. బాగున్నవి కాలేజీ ముందు గోడ మీద పెడతారు, మిగతావి భోజనాల హాలు వెనక గోడకు పోతాయి (ఆ గోడకు సాంబారు మరకలే చరిత్ర). నేను నా అట్ట మీద "ఏరు కట్టిన ఊరు" అని పెద్దక్షరాలతో రాశాను. అది చూసి నా పక్క మంచం పిల్ల పడీ పడీ నవ్వింది. ఆమెది గూడూరు. నిమ్మతోటల వాళ్ళు. ఊరినుంచి వచ్చినప్పుడల్లా జాడీల కొద్దీ నిమ్మకాయ ఊరగాయ తెచ్చి హాస్టలంతా పంచేది, అందుకని ఏ వాదంలోనైనా జనం ఆమె వైపే ఉండేవాళ్ళు. నేను ఆమెకు నిమ్మకాయ అని పేరు పెట్టాను. ఆమె నాకు పెట్టిన పేరు రంపం.

"మే రంపం, నేను మీ ఏరు రైల్లోంచి చూసినా. దాంట్లో కాకి తానం చేసేదానికి లేదు. దుంగలు తేలినాయా, పొర్లినాయా?" అంది నిమ్మకాయ.

"మీ నిమ్మకాయలు ఎట్లా వచ్చినాయి, ఆకాశంలోంచి రాలినాయా?" అన్నాను.

"మా చెట్లు ఉండాయి, మా మండీ ఉండాది, పోయి చూసుకో. నీ నీళ్ళు చూపించు."

మేడమ్ కూడా అదే మాట ఇంకొంచెం మర్యాదగా అడిగింది. మా ఊళ్ళో మానుల రేవు అని ఒక చోటు ఉందని, ఆ పేరే సాక్ష్యమని నేను వాదించాను. "మా ఇంటి దగ్గర ముత్యాల వీధి ఉందమ్మా. పుట్టినప్పటినుంచి అక్కడే ఉన్నాను, నాకొక ముత్యం దొరకలేదు. సెలవులకు పోతున్నావు కదా, ఆధారం తీసుకురా. తెస్తే నీ అట్ట ముందు గోడకు. తేలేకపోతే శీర్షిక మార్చి 'కట్టెల అంగళ్ళ ఊరు' అని రాసి వెనక పెట్టుకుందాం" అంది. కట్టెల అంగళ్ళ ఊరు. ఆ మాట నాకు చెంపదెబ్బలాగా తగిలింది. పొయ్యిలో పెట్టుకునే కట్టె అమ్మేవాళ్ళం కాదు మేం. గుళ్ళకు దూలాలు ఇచ్చినవాళ్ళం.

ఇంటికి పోయి బ్యాగు దించకముందే ఆధారం అడిగాను. మా నాయన అడితిలో కూర్చుని ఉన్నాడు. "ఏరు తెచ్చిందని ఎవరు చెప్పినారు? మానులు బండ్లలో వచ్చినాయి. మా తాత తోలినాడు. ఈ జిల్లాలో అట్లాంటి ఎద్దులు లేవు" అన్నాడు. అంటే నా శత్రువు హాస్టల్లోనే కాదు, ఇంట్లోనూ ఉన్నాడు. వక్కాకు నములుతున్న మా అవ్వ తుపుక్కున ఉమ్మి, "మీ తాత బండ్లు తోలింది రేవు కాడినించి అడితికి. కొండ కాడినించి రేవుకు తోలింది ఏరు. ఎద్దుల పేరు మాత్రం బాగా గెవనం పెట్టుకున్నావు" అంది. నాయన అడితి వదిలి లేచాడు. సాయంకాలానికి దూలాల వీధి రెండుగా చీలిపోయింది. సగం మంది బండి పక్షం, సగం మంది ఏటి పక్షం. కోతమిల్లు నడిపే మా మేనమామ ఎవరు కాఫీ ఇస్తే వాళ్ళ పక్షం.

రెండు రోజులు గట్టి వాన పడి ఏరు వచ్చింది. దాని ఉద్ధృతి కాస్త తగ్గాక మా అవ్వే అంది, "మాటలెందుకు మే. ఒక మాను వదిలి సూపిస్తే పోలా." అప్పటిదాకా ఆ ఆలోచన నాకు రాకపోవడం ఒక వింత (చదువుకున్నదాన్ని కదా). పథకం తేలికైంది. ఊరికి పైన ఏరు వంపు తిరిగే చోట మాను నీళ్ళలోకి దించాలి. అది తేలుతూ మా రేవుకు వస్తుంది. రేవులో మిల్లు మనుషులు తాళ్ళు పట్టుకుని నిలబడి దాన్ని లాగేస్తారు. ఆ క్షణంలో నేను మామ కెమెరాతో ఫొటో తీస్తాను. రీల్లో ఒక్క బొమ్మకే చోటు మిగిలి ఉందని మామ ముందే హెచ్చరించాడు. మాను ఏదనే దగ్గర కొంచెం ఇబ్బంది వచ్చింది. పచ్చి మాను మునిగిపోతుంది, బాగా ఎండింది కావాలి. అడితిలో అంత బాగా ఎండింది ఒక్కటే, మా ఇంటి కొత్త వాకిలి కోసమని నాయన ఏళ్ళ తరబడి నీడలో దాచి పెట్టుకున్న వేపమాను. నాయన ససేమిరా అన్నాడు. "తేలదని నీకు అంత నమ్మకముంటే భయమెందుకు నాయనా, ఆడనే మునుగుతుంది, తీసుకుందువు" అన్నాను. ఒప్పుకున్నాడు. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

వీధంతా ఏటిగట్టు మీదికి వచ్చింది. మిల్లు కట్టేశారు. మాను నీళ్ళలోకి దించబోతుంటే అవ్వ ఆపింది. చేటలో పసుపు, కుంకుమ, వేపమండలు, ఎర్ర రవికెగుడ్డ తెచ్చుకుంది. మానుకు ఈ కొననుంచి ఆ కొనకు పసుపు పూసి, బొట్లు పెట్టి, తలవైపు ఎర్రగుడ్డ కట్టి మండలు గుచ్చింది. "దుంగకు ముస్తాబెందుకమ్మా" అన్నాడు నాయన. "సేసేది సెయ్యాల. నేను సిన్నప్పుడు సూసింది ఇదే. ఆడబిడ్డను పంపినట్టు పంపాల. సేరేది మనింటికో, ఇంకో ఇంటికో" అంది అవ్వ. ఆ చివరి మాట ఎవ్వరూ పట్టించుకోలేదు. నేనైతే కెమెరా మూత తీసుకుంటున్నాను.

మేమంతా రేవు దగ్గరకు వచ్చి నిలబడ్డాం. కాసేపటికి వంపులోంచి మాను కనబడింది. మునగలేదు. పొర్లలేదు. ఎర్రగుడ్డ ముందుకు పెట్టుకుని, పెళ్ళికూతురు పల్లకీలో వచ్చినట్టు నిదానంగా, దర్జాగా తేలుతూ వస్తోంది. నా గుండె నిండిపోయింది. నాయన వైపు తిరిగాను. అంతే, నా జీవితంలో పెద్ద పొరపాటు అదే. ఏటికి వీపు పెట్టి, "ఇప్పుడేమంటావు నాయనా" అన్నాను.

"తేలింది, సరే. ఒక దుంగ తేలితే ఊరు కట్టినట్టా?"

"ఒకటి తేలితే వంద తేలవా?"

"వంద తేలితే పట్టుకునేది ఎవురు, మీ అవ్వా?"

"మా అత్తగారి అన్నదమ్ములు పట్టినారు, నీ మాదిరి గట్టున నిలబడి మాట్లాడలా" అని అవ్వ మధ్యలో దూరింది. మామ బావ పక్షం చేరాడు. మా ఊళ్ళో వాదం మొదలైతే చేతిలో పని ఉన్నవాడు కూడా వదిలేసి వచ్చి వింటాడు, అది పుట్టుకతో వచ్చిన గుణం. తాళ్ళు పట్టుకుని నడుము లోతు నీళ్ళలో నిలబడ్డ మిల్లు మనుషులు కూడా ఇటు తిరిగారు. వాళ్ళలో ఒకడు, "ఎద్దులు ఏరు దాటేటప్పుడు..." అని తన వంతు వాదం ఎత్తుకున్నాడు. వాడి మాట పూర్తయ్యేసరికి నేను ఇక గెలిచాననుకుని ఫొటో తీయడానికి ఏటివైపు తిరిగాను. నా గెలుపు అప్పటికే మమ్మల్నందరినీ దాటుకుని, ఎర్రగుడ్డ సర్దుకుంటూ, దిగువ మలుపు తిరుగుతోంది. కంగారులో కెమెరా మీట నొక్కాను. తర్వాత కడిగించి చూస్తే ఆ ఒక్క బొమ్మలో పడింది మా నాయన తెరిచిన నోరు.

ఇప్పుడు నాకు మాను లేదు, ఫొటో లేదు. నాయనకు వాకిలి లేదు. మర్నాడు పొద్దున్నే మిల్లు ట్రాక్టరులో బయల్దేరాం. నాయన, మామ, నేను, "నేను రాకుంటే మీకు ఎవురిస్తారు" అంటూ ముందే ఎక్కి కూర్చున్న అవ్వ. ఏటి వెంట ఊరూరా ఆపి అడిగాం. మొదటి ఊళ్ళో చూడలేదన్నారు. రెండో ఊళ్ళో కళ్ళాపి చల్లుతున్న ఒకామె చెంబు దించి, "మాను రాలేదప్పా. అమ్మవారు వచ్చింది. కింద పల్లెకు పోండి, పొంగళ్ళు పెడతా ఉండారు" అంది. నాయన భుజం మీది తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

కింద పల్లెలో మా ఇంటి వాకిలి తాటాకు పందిట్లో నిలువుగా నిలబడి ఉంది. మెడలో నిమ్మకాయల దండ (నిమ్మకాయలు నన్ను అక్కడా వదలలేదు). ముందర వరసగా పొంగలి కుండలు, పలక వాయిద్యం, టెంకాయల గుట్ట. ఆ పల్లె అమ్మవారి గుడికి పూజారి ఒక పెద్దావిడ, నుదుటి నిండా బొట్టు, మా అవ్వకు సరిజోడు గొంతు. నాయన నోరు తెరవకముందే నేను తెరిచాను.

"అమ్మా, ఇది మా అడితిలో వేపమాను. నిన్న రేవులో తప్పింది. కింది కొనలో మా అడితి సుత్తి ముద్ర ఉండాది, చూపిస్తా."

"తాకొద్దు పాపా. ఇప్పుడే నీళ్ళు పోసినాం" అంది పూజారమ్మ.

"దేవత కాదమ్మా ఇది, దుంగ."

"దుంగైతే పసుపెవురు పూసినారు?"

"మా అవ్వ."

"కుంకం?"

"అదీ మా అవ్వే."

"అమ్ముకునే దుంగకు ఎవురన్నా పసుపుకుంకం పెట్టి, రవికెగుడ్డ కట్టి, ఏట్లో వదులుతారా? మతి ఉండే మాటేనా పాపా అది?"

సాయానికి మా అవ్వ కోసం చూశాను. ఆమె పందిట్లో చెప్పులు విడిచి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. శత్రువుల్లో అవ్వ కూడా చేరింది. అప్పుడు నా దగ్గరున్న చివరి అస్త్రం తీశాను. హాస్టల్లో పనికిరానిది ఇక్కడ పనికొస్తుందనుకున్నాను. "ఏటి మీద మాను రావడం వింతేం కాదమ్మా. పూర్వం ఎప్పుడూ వచ్చేటివే. రోజూ వచ్చేదాన్ని దేవతంటే ఎట్లా?"

పూజారమ్మ నన్ను జాలిగా చూసింది. "వచ్చేటివే. రాలేదని ఎవురన్నారు?"

మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టయింది నాకు. నేను ఇన్నాళ్ళూ ఎవరితోనూ ఒప్పించలేకపోయిన మాట ఈమె అడక్కుండానే ఒప్పుకుంది. "రాండి" అని దీపం ఎత్తుకుని పందిరి వెనకున్న చిన్న గుళ్ళోకి నడిచింది. పెంకుల కప్పు, లోపల చీకటి. దీపం ఒక స్తంభం దగ్గర పెట్టింది. మాను స్తంభం. నున్నగా, నల్లగా, పసుపు గట్టి కట్టిపోయి ఉంది. కొంగుతో కింద తుడిచింది. మాను ఎవరిదో తెలిసేందుకు, కొండ దగ్గర ఏట్లో వదిలే ముందే ఇనప సుత్తితో కొట్టిన ముద్ర. గుండ్రంలో చేప. అది మా వీధి చివర అడితిది, వాళ్ళ తలుపు మీద ఇప్పటికీ ఉంది. ఇంకో స్తంభం, ఇంకో ముద్ర. దీపం పైకెత్తితే అడ్డ దూలాలు, వాటి మీదా ముద్రలే. దూలాల వీధి మొత్తం ఆ గుళ్ళో తల మీద గుడి మోస్తూ నిలబడి ఉంది.

"రేవు దాటిన మాను అమ్మది. మీ పెద్దోళ్ళు, మా పెద్దోళ్ళు అనుకున్న మాట. అందుకే పసుపు పూసి వదిలేది. మీ చేతికి సిక్కితే మీది, లేకుంటే ఈ యమ్మది" అని, పూజారమ్మ నవ్వి, "ఇవన్నీ అట్ల వచ్చినవే. మీ ఊరోళ్ళు రేవు కాడ గలాటా పెట్టుకున్నప్పుడంతా మాకొక స్తంభం వచ్చింది" అంది.

మామ గట్టిగా నవ్వబోయి నాయన మొహం చూసి మానుకున్నాడు. నాయన మూలస్తంభం దగ్గర వంగి ఉన్నాడు. అరచంద్రుడి ముద్ర. ఒక కొస దగ్గర చిన్న నొక్కు. ఆ నొక్కు పడిన సుత్తి మా అడితిలో బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే బరువుగా ఇప్పటికీ ఉంది. మా నాయన తాత సుత్తి అది. ఎద్దుబండ్ల తాత. నాయన ఆ నొక్కును బొటనవేలితో తడిమాడు. నేను "ఇప్పుడేమంటావు" అనలేదు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. (నా వాదాల చరిత్రలో అదొక్కటే అట్లా మింగింది.)

"ఈడ ఉండనీ" అన్నాడు నాయన లేచి. ఎవరిని ఉద్దేశించో తెలియలేదు. బయటికి వచ్చి పందిట్లో మాను ముందర నిలబడి, అలవాటు చొప్పున వేళ్ళ కణుపులతో తట్టి, ఆ పల్లె వాళ్ళందరినీ పిలిచి గర్వంగా చెప్పడం మొదలుపెట్టాడు, "నేను నీడలో ఎండబెట్టిన మానప్పా ఇది. మీ మనవళ్ళ కాలానికి కూడా పగులు రాదు. నిలబెట్టేటప్పుడు మొదలు కిందికే ఉండాల, తల్లకిందులు పెట్టొద్దండి." దేవతను ఎట్లా నిలబెట్టాలో ఆమె పూజారికే నేర్పించి, రెండు ఆకుల పొంగలి తిని ట్రాక్టరెక్కాడు. తిరుగుదారిలో అవ్వను అడిగాను, "నీకు ఈ సంగతి ముందే తెలుసా?" "తెలుసు." "మరి చెప్పలేదే?" "యాడ సెప్పనిచ్చినావు మే. నువ్వు మాట్లాడతానే ఉంటివి" అంది అవ్వ.

మర్నాడు మళ్ళీ ఆ గుడికి పోయి, ముద్రల మీద కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది అచ్చులు తీసుకున్నాను. చేప, అరచంద్రుడు, గొడ్డలి, తామర, అన్నీ వచ్చాయి. మేడమ్ ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో పెట్టి చూసి, తనే పోయి ముందు గోడకు మేకు కొట్టించింది. "ఏరు కట్టిన ఊరు" శీర్షికలో ఒక్క అక్షరం మారలేదు. నిమ్మకాయ చేతులు కట్టుకుని అట్ట అంతా చదివింది. తలాడించింది. "ఒప్పుకుంటా ఉండా మే. మీ ఏరు ఏరే, మీ ఊరు ఊరే. కాకపోతే మీ ఊరి చరిత్రంతా మీరు పట్టుకోలేక వదిలేసిన దుంగల్లో ఉండాది" అంది. జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఇప్పటికీ వెతుకుతున్నాను ఆ జవాబు కోసం. అంతకుముందు మేకు గోడలో దిగకపోతే గట్టిగా పట్టుకున్నది మాత్రం నిమ్మకాయే. ఆ రాత్రి ఊరగాయ కూడా నాకే ఎక్కువ వేసింది.

ఇప్పుడు దూలాల వీధిలో ప్లైవుడ్ అంగళ్ళు, రెడీమేడ్ తలుపుల షోరూములు వచ్చాయి. రంపం చప్పుడు తగ్గింది. పెరుగు తెల్లగా ఉంటోంది. నాయన ఆ తర్వాత అంత మాను మళ్ళీ దొరకలేదని చెప్పి ఇంటికి కొత్త వాకిలి చేయించనే లేదు. జిల్లాలో సగం ఇళ్ళకు వాకిళ్ళు ఇచ్చిన మా ఇంటికి ఈ నాటికీ కిర్రుమనే పాత తలుపే. ఎవరైనా ఎగతాళి చేస్తే, "మా వాకిలి కింద పల్లెలో ఉండాది, పోయి చూసుకో" అనేవాడు చివరిదాకా.

మొన్న కార్తీకంలో నేనే పోయి చూశాను. గుడి పెద్దదయింది గానీ ముందర నిలబడి ఉన్నది అదే. పసుపు అంగుళం మందం పట్టింది. పగులు రాలేదు. ఇప్పుడు పూజ చేసేది పూజారమ్మ కోడలు. నేను చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, ఎవరూ చూడట్లేదనుకుని వేళ్ళ కణుపులతో నెమ్మదిగా తట్టి చెవి పెట్టాను. "ఏమక్కా, అమ్మను తట్టి పిలుస్తా ఉండావా?" అంది ఆమె వెనకనుంచి. "ఇది మా ఇంటి వాకిలి" అన్నాను. "అవునంట, మా అత్త చెప్పేది. మీ చేతిలోంచే జారిపోయిందంట కదా" అంది. వాదించలేదు. ఏటివైపు చూస్తే నీళ్ళు కొంచెంగా పారుతున్నాయి. ఆ రోజు రేవులో, ఏటికి వీపు పెట్టి, గెలిచానని నాయన మొహమ్మీద వేలు ఆడిస్తున్న ఆ పిల్ల కళ్ళకు కట్టింది. ఆ పిల్ల ఒక్క నిమిషం నోరు మూసుకుని ఇటు తిరిగి ఉంటే మా ఇంటికి మంచి వాకిలి ఉండేది. మా ఊరికి చరిత్ర ఉండేది కాదు.